రాజవ్వ, రోజుకు రెండు పూటలు

ఫార్మసీ చదువు ముగించి కొలువులో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ రోజుల్లో పని ఎట్లా ఉండేది సార్ అని మర్యాదకు అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకుంటారు. అందుకే రాసిపెడుతున్నాను. కాగితమైతే నా ఎదురుగా కూర్చుని ఆవలించదు.

నాకు ఏ ఏడాది ఏ గ్రేడు వచ్చింది, ఎక్కడికి బదిలీ చేశారు అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి నా పెన్షన్ కాగితాల్లో ఉన్నాయి, వాటిని నేను కూడా రెండోసారి చదవలేదు. చెప్పదలచింది ఒక మందు గురించి. సర్వీసంతా కౌంటరు వెనక నిలబడి లెక్కలేనన్ని సీసాలు నింపాను కానీ, తన కాళ్ల మీద తాను నడిచి వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టిన మందు అదొక్కటే.

సీసా, గాట్లు

డెబ్బైల నడుమ వరంగల్లో మిల్లు కార్మికుల ఆరోగ్య బీమా దవాఖానలో కంపౌండర్‌గా చేరాను. మిల్లులో పనిచేసే ప్రతి మనిషికీ ఒక బీమా కార్డు ఉండేది. కార్డు చూపిస్తే డాక్టరు చూసి చీటీ రాస్తారు, ఆ చీటీ మీద ఉన్న మందు నేను ఇస్తాను. అయితే సీసా మాత్రం రోగే తెచ్చుకోవాలి. ఆముదం సీసాలు, సిరాబుడ్లు, సారా సీసాలు, ఏది దొరికితే అది పట్టుకుని వరుసలో నిలబడేవారు. బాయిలర్ దగ్గర పనిచేసే ఒకాయన దగ్గుమందు ఎప్పుడూ సారా సీసాలోనే పోయించుకునేవాడు. కడిగి తెమ్మంటే గుణం పోతుందని కడిగేవాడు కాదు.

మందు పోశాక సీసాకు ఒక కాగితం పట్టీ అంటించేవాళ్లం. పట్టీని మడతలు పెట్టి అంచును కత్తెరతో కోసి విప్పితే సమానమైన దూరంలో గాట్లు పడతాయి. ఒక గాటు ఒక మోతాదు. చదువు రాని మనిషి కూడా గాటు చూసి తాగుతాడు. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. కొలబద్ద లేకుండా పన్నెండు గాట్లకు పన్నెండూ సమానంగా కోసేవాణ్ని, పక్క దవాఖాన వాళ్లు చూసి పోయేవారు. ఆ పేరు నాకు తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా సూపరింటెండెంటు కిషన్‌రావు సార్. ఆయనకు వైద్యం తెలియదు, కాయిదా కానూను తెలుసు. చెడ్డవాడు కాదు. జాబితాలో ఉన్నది ప్రపంచంలో ఉన్నట్టు, జాబితాలో లేనిది లేనట్టు అని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. ఆయన వచ్చీ రాగానే రెండు బోర్డులు రాయించాడు. మొదటిది నా కౌంటరు మీద: "డాక్టరు రాసినది ఇవ్వవలెను. కంపౌండరు ప్రశ్నించరాదు." రెండోది నాలుగు మంచాల వార్డు తలుపు మీద: "రోగి, రోగికి తోడు ఒకరు, సిబ్బంది, మందులు తప్ప ఇతరములకు ప్రవేశము లేదు." ఒకసారి వార్డులోకి మేక దూరితే ప్యూను తరిమేశాడు. ఏ అధికారంతో తరిమావని సార్ అడిగితే, ప్యూను ఆ బోర్డులో "ఇతరములు" అన్నచోట వేలు పెట్టి చూపించాడు. సార్ ఎంత సంతోషించాడో చెప్పలేను.

జాబితాలో లేని పాలు

మిల్లులో నూలు చుట్టే వైండింగు వైపు ఆడవాళ్లు చాలామంది ఉండేవారు. వాళ్ల కాన్పుకు బీమాలో సెలవు ఉంది. కాన్పు తర్వాత జ్వరమొస్తే మందు ఉంది. బిడ్డకు విరేచనాలైతే మందు ఉంది. పాలు సరిగా పట్టకపోతే మాత్రం ఏమీ లేదు. తల్లి రోగి కాదు, బిడ్డ రోగి కాదు, తంటా ఇద్దరికీ మధ్యన ఉంది. మధ్యన ఉన్నదాన్ని రాయడానికి మా ఫారంలో గడి లేదు.

ఒక పెద్ద డాక్టరుగారు పోరాడగా పోరాడగా పాలు తీసే గాజు పంపు ఒకటి జాబితాలో ఉన్నట్టు తేలింది. అది కొయ్యకాళ్లు, గాజుకళ్లు ఉన్న పేజీలో ఉంది. కాబట్టి కొయ్యకాలు ఫారమే నింపాలి. "కోల్పోయిన అవయవము ఏది? కుడియా, ఎడమా? ఎక్కడి వరకు తెగినది?" కిషన్‌రావు సార్ అబద్ధం రాసే మనిషి కాదు. "రెండునూ. తెగలేదు." అని రాసి హైదరాబాద్ పంపాడు. చాలా రోజులకు జవాబు వచ్చింది. అవయవము తెగని పక్షమున పరికరము ఇవ్వ వీలుపడదనీ, తెగిన పిమ్మట మరల దరఖాస్తు చేయవలసిందనీ అందులో ఉంది. జవాబు వచ్చేనాటికి ఆ బిడ్డ మా వరండాలో పరుగెత్తుతున్నాడు.

పాలపొడి డబ్బా మాత్రం జాబితాలో నిక్షేపంగా ఉండేది. తల్లికి పాలు చాలడం లేదని డాక్టరు రాస్తే నెలకు ఒక డబ్బా. చీటీ రాయడానికి నిమిషం చాలు. పాలు ఎందుకు చాలడం లేదో కనుక్కోవాలంటే పూటంతా కూర్చోవాలి. అందువల్ల ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చిన ఏ తల్లికీ పాలు చాలేవి కావు.

నా తప్పు

వైండింగులో పనిచేసే సారక్కకు మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులు ముర్రుపాలు పిండి పారబోయించారు, అప్పటి అలవాటు అది. నాలుగో రోజు బిడ్డ చన్ను పట్టలేదు. అప్పుడున్న డాక్టరుగారు డబ్బా రాశారు, నేను ఇచ్చాను.

డబ్బా మీద ఇంగ్లీషులో ఏ వయసు బిడ్డకు ఎన్ని చెంచాలో ముద్రించి ఉంది. నేను చదవలేదని అనను, చదివాను. ఆ లెక్కన డబ్బా పది రోజులు కూడా రాదని నాకు అర్థమైంది. కానీ కాయిదా నెలకు ఒకటి అంటోంది. సారక్కకు చదువు రాదు. నేను కత్తెర తీసుకుని ముప్పై గాట్లు కోసి, పట్టీని డబ్బాకు నిలువుగా అంటించి, రోజుకొక గాటు దిగాలని చెప్పాను. లోపల పొడి ఎక్కడిదాకా ఉందో చూడటానికి చీపురుపుల్ల దించి బయటి గాటుతో సరిచూసుకోమని ఉపాయం కూడా నేర్పాను. ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదని ఆమె దండం పెట్టి వెళ్లింది.

ఆమె మళ్లీ వచ్చేసరికి చేతిలో బిడ్డ లేదు. పలచటి నీళ్లపాలు తాగి పిల్ల చిక్కిపోయిందనీ, విరేచనాలు పట్టుకుంటే పెద్ద దవాఖానకు తీసుకుపోయారనీ, అక్కడ దక్కలేదనీ ప్యూను నాకు ముందే చెప్పాడు. వాడని మందు తిరిగి ఇవ్వాలని కాయిదా ఉంది కదా, సారక్క డబ్బా తిరిగి తెచ్చింది. కౌంటరు మీద పెట్టి చెప్పింది.

"ఇంకా తొమ్మిది గాట్లున్నయి సారూ. పిల్ల ఏడ్సినా ఒక్కనాడు గూడ గాటు దాటలే."

ఆమె నన్ను నిందించడానికి అనలేదు. నేను చెప్పినట్టే చేసినట్టు నాకు లెక్క ఒప్పజెప్పింది. నేను డబ్బా తీసుకున్నాను. రిజిస్టరులో "ఇచ్చినది ఒకటి, తిరిగి వచ్చినది తొమ్మిది గాట్లు" అని రాశాను. ఇంకేం రాయాలో నాకు తెలియలేదు. నోటితో అనాల్సిన మాట కూడా అనలేదు, దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ రోజు నుంచి పట్టీలు కోసే పని మరో కంపౌండరుకు అప్పజెప్పి, కళ్లు సరిగా కనపడటం లేదని సాకు చెప్పాను.

నడిచి వచ్చిన మందు

రెండేళ్ల తర్వాత సారక్కకు మగపిల్లవాడు పుట్టాడు. నెల తక్కువ, నా అరచేయి దాటి కాస్త ఉంటాడు. అయిదో రోజుకు సారక్క జ్వరంతో వచ్చింది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాయిలా ఉన్నాయి. పిల్లవాడు నోరు పెడతాడు, జారిపోతాడు, ఏడుస్తాడు, ఏడ్చే ఓపిక లేక నిద్రపోతాడు. తల్లినీ బిడ్డనూ వార్డులో చేర్చుకున్నారు. తోడుగా అత్త కూర్చుంది. డబ్బా రాయించండి అని అత్త అడుగుతూనే ఉంది. సారక్క డాక్టరమ్మ వైపు చూడకుండా తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూసింది.

"డబ్బా ఒద్దు సారూ. ఈ పిల్లగాన్ని నాకు ఉంచుండ్రి."

అప్పటికి డాక్టరు సుభద్రగారు వచ్చి ఆరు నెలలు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు, చిన్న వయసు, పెళ్లి కాలేదు. ఆవిడ నన్ను వరండాలోకి పిలిచారు.

"ఏవండీ కంపౌండర్ గారూ, కాన్పు చేయడం నాకొచ్చు. జ్వరానికి మందిస్తాను. పాలు పట్టించడం గురించి మాత్రం మా కాలేజీలో అరపేజీ చెప్పారు, అది పరీక్షకు రాదన్నారు. ఈ ఊళ్లో ఎవరికి వచ్చో చెప్పండి."

డాక్టరై ఉండి నాకు తెలియదని ఒప్పుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. కాశిబుగ్గలో రాజవ్వ అని ఒక ముసలామె ఉందని చెప్పాను. పరకాల దగ్గరి ఊరు నుంచి వచ్చి, మిల్లు వాడల్లో పురుళ్లు పోసి, బాలింతలకు స్నానాలు చేయించి బతుకుతుంది. ఎంత మొండి పిల్లవాడైనా ఆమె చేతిలో పాలు పడతాడని పేరు. ప్యూనును పంపితే గంటలో చుట్ట ఆర్పుకుంటూ వచ్చింది. వార్డు తలుపు దగ్గర కిషన్‌రావు సార్ ఆపాడు.

ఆయన ఆమెతో అమర్యాదగా ఏమీ మాట్లాడలేదు. బోర్డు చదివి వినిపించాడు, అంతే. ఈమెకు బీమా కార్డు లేదు, కనుక రోగి కాదు. తోడు స్థానంలో అత్త ఉంది, అత్త లేవదు. సిబ్బందిగా తీసుకోవాలంటే పోస్టు మంజూరు కావాలి, దానికి రెండేళ్లు పడుతుంది. డాక్టరమ్మ ఎంత బతిమాలినా, మేకను తరిమిన చోట ముసలమ్మను రానిస్తే రేపు ఏం జవాబు చెప్పాలని అడిగాడు. లోపల పిల్లవాడి ఏడుపు కూడా వినపడటం ఆగిపోయింది. రాజవ్వ ఓపికగా విని, నన్ను అడిగింది.

"కొడుకా, పాలు పట్టాల్సింది పిల్లగాడా, ఈ సారా?"

సుభద్రగారు నవ్వలేదు. తల ఎత్తి వార్డు బోర్డు మరోసారి చదివారు. తర్వాత వచ్చి నా కౌంటరు మీది బోర్డు చదివారు. తన గదిలోకి వెళ్లి కూర్చుని, సారక్క కార్డు ముందు పెట్టుకుని చీటీ రాసి నా చేతికిచ్చారు. "రాజవ్వ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏడు రోజులు. ఆహారంతో సంబంధం లేదు."

నేను చీటీని సార్ ముందు పెట్టాను. ఆయన చదివి చెమట తుడుచుకున్నాడు. డాక్టరు రాసినది ఇవ్వవలెను, ప్రశ్నించరాదు. మందులకు వార్డులోకి ప్రవేశం ఉంది. రెండు బోర్డులూ ఆయన రాయించినవే. చివరికి ఆయన పట్టుకోగలిగిన ఒకే ఒక్క కొమ్మను పట్టుకున్నాడు.

"సీసా ఏది?"

సీసా లేకుండా మందు ఇవ్వరాదు కదా. అత్త ఇంటికి పరుగెత్తి ఆముదం సీసా తెచ్చింది. ఖాళీ సీసాకు పద్నాలుగు గాట్ల పట్టీ అంటించాలని, పూటకొక గాటు నేను కొట్టివేయాలని సార్ తేల్చాడు. ఆ రోజు మరో కంపౌండరు సెలవు. రెండేళ్ల తర్వాత నేను కత్తెర పట్టుకున్నాను. గాట్లు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ పడ్డాయి. రాజవ్వ ఆ సీసాను కొంగులో కట్టుకుని, వచ్చిన ప్రతిసారీ తలుపు దగ్గర ప్యూనుకు చూపించి లోపలికి వెళ్లేది. ఆ సీసా ఎందుకో ఆమె అడగలేదు. సర్కారు దవాఖానలో ఇది ఒక పూజ అనుకుందట.

ఆమె ఏం చేసిందో మీకు పనికొస్తుంది కాబట్టి చెబుతాను. మొదట అత్తను ఏడుపు ఆపమంది. వేడినీళ్లలో బట్ట ముంచి పిండి కాపడం పెట్టింది. గడ్డల చుట్టూ మెల్లగా నిమిరి, పాలు ఉగ్గుగిన్నెలోకి పిండి, చుక్కచుక్కగా పిల్లవాడి నాలుక మీద వేసింది. ఓపిక వచ్చాక వాడి పొట్టను తల్లి పొట్టకు ఆనించి పడుకోబెట్టింది. సారక్క వంగి రొమ్మును పిల్లవాడి నోటికి అందించబోతే ఆపింది.

"నువ్వు వంగకు బిడ్డా. పిల్లగాన్నే నీ కాడికి తెచ్చుకో. వానికి తొందర లేదు, నీకే ఉన్నది."

వైద్యంలో నేను విన్న మంచి సలహాల్లో అదొకటి. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. ఆరో గాటు కొట్టిన పూట పిల్లవాడు చన్ను పట్టి వదలలేదు. వార్డులో అందరం వింటుంటే గుటకల చప్పుడు వినిపించింది. సుభద్రగారు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. రాజవ్వ చుట్ట కోసం బయటికి వెళ్లింది. నేను స్టాకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడవడానికి రెండేళ్లు ఆలస్యమైంది.

అప్పటి నుంచి పాలు పట్టని ప్రతి బాలింతకూ రాజవ్వను రాయడం మొదలైంది. కిషన్‌రావు సార్ ఆమెకు రిజిస్టరులో ఒక పేజీ కేటాయించి, అక్షరక్రమంలో సరైన చోట పెట్టించాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, హనుమకొండలో ఉన్న తన కోడలికి ఈ మందు ఇవ్వవచ్చా అని నెమ్మదిగా అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే, ఆమెకు కార్డు లేదు కాబట్టి అర్హత లేదని తనే తిరస్కరించుకున్నాడు. సంగతి తెలిసి రాజవ్వ తనంతట తానే రిక్షా ఎక్కి వెళ్లి చూసి వచ్చింది.

తనిఖీ

ఎనభైలు వచ్చాక హైదరాబాద్ నుంచి స్టాకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. కళ్లద్దాలు, ఆకుపచ్చ సిరా. మాటలు తక్కువ, అనుమానం ఎక్కువ. ఒక్కొక్క పేజీ తిప్పుతూ రాజవ్వ దగ్గర ఆగాడు. ఇది ద్రవమా, పొడా అని అడిగాడు. రెండూ కాదన్నాను. ఎక్కడ నిలువ ఉంచుతారన్నాడు. కాశిబుగ్గలో అన్నాను. గడువు తేదీ అడిగితే దేవుడికి తెలుసన్నాను, అది వేళాకోళం కాదు.

ఆయనకు వచ్చిన అసలు అనుమానం వేరు. ఏ మందైనా ఇచ్చినకొద్దీ తగ్గాలి. ఈ మందు పేజీ నిండా ఇచ్చినట్టు రాసి ఉంది, మిగులు మాత్రం ఎప్పుడూ ఒకటే. అంటే అసలు ఇవ్వలేదన్నమాట. రోగులకు మందు ఇవ్వకుండా ఇచ్చినట్టు రాసిన కంపౌండరును ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. స్టాకు కళ్లతో చూడాలన్నాడు. రాజవ్వను పిలిపించాం. ఆమెను పైనుంచి కిందిదాకా చూసి "ఒకటి. రంగు వెలిసినది, పనిచేయు స్థితిలో ఉన్నది" అని రాసుకున్నాడు. "నన్ను చూసి ఏం రాసుకుంటవు బిడ్డా, ముందుగాల నీళ్లు తాగు" అని ఆమె అంది.

మందు అందినట్టు రోగి సాక్ష్యం కావాలన్నాడు. మిల్లుకు కబురు పంపితే షిఫ్టు మధ్యలో సారక్క వచ్చింది, చంకలో మూడో బిడ్డ. మందు అందిందా, దానివల్ల గుణం కనిపించిందా అని ఆయన గట్టిగా అడిగాడు. ఆ గొంతుకు బిడ్డ జడుసుకుని ఏడ్చింది. సారక్క ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని, బిడ్డను తన దగ్గరికి తెచ్చుకుని పాలు పట్టింది. అధికారి చటుక్కున గోడ వైపు తిరిగి, కాగితాన్ని గోడకు ఆనించి "పరిశీలించడమైనది" అని రాశాడు. అయినా అభ్యంతరం అభ్యంతరమే. జాబితాలో లేని మందును ఇకపై ఇవ్వరాదని ఆకుపచ్చ సిరాతో అడ్డంగా గీత గీశాడు.

తర్వాత పేజీలు వెనక్కి తిప్పుతూ పాలపొడి డబ్బాల దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆయన ముఖం విప్పారింది. వేలు ఒక వరుస మీద ఆగింది. సారక్క పేరు, ఇచ్చినది ఒకటి, తిరిగి వచ్చినది తొమ్మిది గాట్లు. వాడని మందును ఇంత జాగ్రత్తగా రాబట్టిన దవాఖానను తాను చూడలేదన్నాడు. పక్కన పెద్ద టిక్కు కొట్టి, "ప్రశంసనీయం" అని రాశాడు. సారక్కకు చదువు రాదు కాబట్టి, ఆయన ఏం రాశాడో ఆమెకు తెలియదు. ఆమె బిడ్డ మూతి తుడుస్తూ అక్కడే కూర్చుని ఉంది.

నేను రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను. ఆ టిక్కు పక్కన నల్ల సిరాతో "బిడ్డ దక్కలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. ఇదేమిటని అధికారి అడిగాడు.

"అభ్యంతరం సార్," అన్నాను. "ఇది నాది."

ఆయన పేజీ తిప్పాడు. సారక్క లేచి, షిఫ్టుకు టైమైతాందని చెప్పి బిడ్డను నా చేతికిచ్చి చీర సర్దుకుంది. మర్నాడు పొద్దున సుభద్రగారు మళ్లీ రాజవ్వను రాశారు, నేను ఇచ్చాను.